ఈ పొద్దు ఏం వింటివి?

(పెనుకొండలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన పేరు ఆహ్వానపత్రంలో లేదు. కొందరు నన్ను అడిగారు కూడా, అచ్చుతప్పా అని. తప్పు కాదు. వాళ్లబ్బాయిని అడిగితే, ‘మా నాయన కార్డు మీద ఏనాడన్నా పేరు రాసినాడా టీచరమ్మా? మీరూ రాయొద్దండి’ అన్నాడు. నిజమే. ఆయన ముప్పై ఏళ్ల పాటు రాసిన కార్డులన్నిటి చివర ఒకటే సంతకం: పెనుకొండ. ఆయనకు వచ్చిన కార్డుల చివర రెండు సంతకాలు: హిందూపురం, ధర్మవరం. ముగ్గురు స్నేహితులు ఒకరినొకరు ఊరిపేర్లతోనే పిలుచుకున్నారు. ‘ధర్మవరం ఏమంటాడో చూడాల’ అని పెనుకొండ, అంటే మా అయ్యవారు, అంటుంటే ఊరంతా కలిసి ఏదో అనబోతున్నట్టు ఉండేది చిన్నప్పుడు నాకు.

అయ్యవారు మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. హిందూపురం బెల్లం మండీలో చిట్టా రాసేవాడు. ధర్మవరం గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. ముగ్గురిలో ఒక్కరికీ పాడటం రాదు, వాద్యం రాదు. బెంగళూరు చామరాజపేటలో రామసేవా మండలి వాళ్లు 1939 నుంచి ఏటా రామనవమికి కచేరీలు పెడుతున్నారు కదా, కోట హైస్కూలు మైదానంలో. ఒక ఏడు అక్కడ కచేరీ విని వచ్చేటప్పుడు ముగ్గురూ ఒకే రైలుపెట్టెలో కూర్చున్నారట. గౌరిబిదనూరు దాటేదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదట. ఆ తర్వాత ఎవరో తోడి రాగం గురించి ఒక మాట అన్నారు. హిందూపురంలో దిగాల్సినవాడు దిగకుండా పెనుకొండ దాకా వచ్చేశాడు. అట్లా మొదలైంది.

వాళ్లు చేసింది చాలా చిన్న పని. విన్నది ఒకరికొకరు చెప్పుకున్నారు. అది వారానికొకసారో పండక్కొకసారో కాదు, రోజూ. అయ్యవారి ఇంటి అరుగు మీదికి సాయంత్రం ఎవరొచ్చినా, పోస్టుమాను వచ్చినా, పాలామె వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. ‘ఈ పొద్దు ఏం వింటివి?’ గుడి ముందు నాదస్వరం విన్నానంటే, ఏ రాగం అని అడిగేవారు కాదు. ‘యాడ నిలబడితివి?’ అనేవారు. వింటూ వింటూ కాళ్లు ఆగిపోయిన చోటు ఒకటి ఉంటుంది, అది చెప్పు అని అర్థం. పాలామె చెప్పేది. ‘పీపీ ఆయప్ప పైకి పోయి, దిగకుండా ఆడ్నే ఉండిపాయ సామీ, నాకు చేతిలో చెంబు మర్సిపాయ’ అని ఒకరోజు ఆమె అన్నమాట ఆయన నోటుపుస్తకంలో ఉంది. తారస్థాయి షడ్జం మీద కార్వై ఇంతకన్నా బాగా ఎవరు చెప్తారో నాకు తెలియదు.

కార్డులకు ఒక కట్టుబాటు ఉండేది. పదిహేను పైసల పోస్టుకార్డు, అందులో మూడు సంగతులు. ఏం విన్నది, ఎట్లా విన్నది (రేడియోలోనా, టేపులోనా, ఎదురుగానా), ఎక్కడ ఆగింది. బాగుంది, బాగాలేదు అని రాయకూడదు. గాయకుడి గొప్ప రాయకూడదు. ‘మహానుభావుడు’ అన్న మాట కనబడితే ఆ కార్డుకు జవాబు వచ్చేది కాదు. మెచ్చుకోలు తేలిక, దానికి వినాల్సిన పని కూడా లేదని అయ్యవారి అభిప్రాయం. నాకు పదమూడేళ్లప్పుడు ఆ పట్టుదల అర్థం కాలేదు. నేను కచేరీ విన్న మొదటిసారి ‘చాలా బాగుంది’ అంటే, ఆయన లెక్కల పరీక్షలో జవాబు మాత్రం రాసి చేసిన విధానం రాయని పిల్లను చూసినట్టు చూశారు.

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం. 1952లో మొదలైందది. ఒక వారం కర్ణాటకం, ఒక వారం హిందుస్తానీ. దేశంలోని స్టేషన్లన్నీ ఒకేసారి ప్రసారం చేసేవి. హిందూపురానికి బెంగళూరు స్టేషను తేటగా అందేది. ధర్మవరం కడప పెట్టుకునేవాడు. పెనుకొండలో అయ్యవారు, కొండ ఏ రాత్రి దేన్ని రానిస్తే దాన్ని. ఒకే కచేరీ, మూడు ఊళ్లు, మూడు గరగరలు. కచేరీ అవగానే లాంతరు దగ్గర కార్డు రాసి, తెల్లారి నా చేతికిచ్చేవారు. ఆదివారం ఊళ్లో డబ్బా తీయరు. అందుకని నేను సైకిలు మీద స్టేషనుకు పోయి, రైలుకు తగిలించిన ఆర్‌ఎంఎస్ టపా పెట్టెకు ఒక సందు ఉండేది చూడండి, దాంట్లో వేసేదాన్ని. రైలు రెండు నిమిషాలే ఆగేది. ఆ సందులో కార్డు పడిన చప్పుడు వినబడితే గానీ వెనక్కి తిరిగేదాన్ని కాదు. దారిలో చదివేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నా సంగీత శిక్షణ మొత్తం ఆ రెండు మైళ్ల దారిలో, ఇతరుల కార్డులు చదివి సంపాదించుకున్నదే.

ఒక శనివారం కరెంటు పోయింది. వచ్చేసరికి పాట సగంలో ఉంది. ఏ రాగమో చెప్పే మాట ముగ్గురికీ తప్పిపోయింది. హిందూపురం ‘దర్బారు’ అని రాశాడు. అయ్యవారు ‘నాయకి’ అని రాశారు. రెండూ ఖరహరప్రియ కుటుంబంలోవే, రెండూ దగ్గరి చుట్టాలు. చిన్న ముక్క వింటే పెద్ద విద్వాంసులే తడబడతారు. నాలుగు రోజులైనా ధర్మవరం నుంచి కార్డు రాలేదు. వచ్చినప్పుడు రెండు కార్డులు వచ్చాయి. చీర మధ్యలో ఉంది, అందుకే ఆలస్యం అని మొదట రాశాడు. తర్వాత ఇట్లా ఉంది, నాకు గుర్తున్నంత వరకు: రెండింట్లోనూ కిందికి దిగేటప్పుడు గాంధారం దగ్గరే తేడా ఉంది. దర్బారులో గాంధారం మీద పేకను రెండు మార్లు కొట్టినట్టు కొట్టి, గ గ రి స అని దిగుతారు. నాయకిలో ఆ రెండో దెబ్బ లేదు. ఒక్క గాంధారమే, పడుగు మధ్యలో నాడె నిదానించినట్టు ఊగి, రిషభంలోకి జారుతుంది. ఆ రాత్రి నేను రెండో దెబ్బ కోసం కాచుకున్నాను. అది పడలేదు. అందుకని నాయకి.

నేను తర్వాత కాలంలో సంగీతశాస్త్రం పుస్తకాలు చదివాను. ఈ రెండు రాగాల తేడా గురించి చాలా పేజీలు చదివాను. ఆ కార్డు కన్నా నాకు ఎక్కువ చెప్పింది ఒక్కటీ లేదు. ‘రెండో దెబ్బ కోసం కాచుకున్నాను’ అన్న మాటలో వినడమంటే ఏమిటో మొత్తం ఉంది. చెవి ఊరికే పట్టుకోదు, ముందుపోయి ఎదురుచూస్తుంది.

దానికి హిందూపురం రాసిన జవాబు నాకు ఇంకా ఇష్టం. ‘ఇప్పుడు మీరు చెప్పినాక నాకూ నాయకే తోస్తాంది. కానీ ఆ రాత్రి నాకు వినబడింది దర్బారే. పుస్తకంలో దాన్ని కొట్టేయొద్దండి.’ అయ్యవారు కొట్టేయలేదు. ఆ తేదీ కింద రెండూ ఉన్నాయి ఇప్పటికీ. విన్నవాడు విన్నది నిజాయితీగా చెప్పాలి, తర్వాత తెలిసిన దాంతో దిద్ది చెప్పకూడదు. ఆ ఒప్పందం లేకపోతే ఈ కార్డులకు విలువ లేదు.

నేతపనివాడికి ఇంత చెవి ఎక్కడిదని మీలో ఎవరికైనా తోస్తే, ధర్మవరం చరిత్ర చూడండి. తెలుగు నాటకంలో పాటలు పెట్టి నడిపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ఆ ఊళ్లో పుట్టినవాడే. బళ్లారిలో సరసవినోదిని సభ పెట్టి నాటకాలాడించాడు. మన సీమలో రాగాలు జనానికి అందింది ఎక్కువగా నాటకం హార్మోనియం మీద నుంచే. తెల్లవార్లూ పద్యాలు విన్నవాడికి మోహన ఏదో, కాంభోజి ఏదో, పేరు తెలియకపోయినా మనిషిని నడకబట్టి గుర్తుపట్టినట్టు తెలిసిపోతుంది. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట. అక్కడి తోలుబొమ్మలవాళ్లు తెర వెనుక పాడుతూ, బొమ్మ ఆడిస్తూ, కాలితో బల్ల తొక్కి దెబ్బ వేస్తూ రామాయణం నడిపిస్తారు. ‘మా వీధిలో సగం మందికి రాగాలు తోలుబొమ్మలు నేర్పినాయి’ అని ధర్మవరం మా ఇంటికొచ్చినప్పుడు చెప్పాడు. కచేరీ హాలు ఉన్న ఊళ్లోనే శ్రోత పుడతాడనుకోవడం పొరపాటు.

పెనుకొండ సంగతి చెప్పకుండా ఈ ఊళ్లో మాట్లాడకూడదు. వినడం గురించి మన ఊరికి ఉన్న పెద్ద కథ ఒక చెడ్డ శ్రోత కథ. అన్నమాచార్యుల మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టాడు. సాళువ నరసింహరాయలు అన్నమయ్యను పిలిపించుకుని పాడించుకున్నాడు. అమ్మవారి పెదవి మీది కస్తూరి గురించిన శృంగార కీర్తన విని పరవశించాడు. అంతవరకు ఆయన మంచి శ్రోతే, చెవికి వంక లేదు. ఆ వెంటనే, అట్లాంటిది నా మీద ఒకటి చెప్పు అన్నాడు. హరిని పాడిన నోటితో నరుణ్ని పాడనని అన్నమయ్య అంటే సంకెళ్లు వేయించాడు. అయ్యవారు మమ్మల్ని గగనమహలు దగ్గరికి తీసుకుపోయి, మహలు తర్వాతి కాలానిదే అయినా ఆ మెట్ల మీద కూర్చోబెట్టి, ఈ కథ చెప్పేవారు. చెప్పి అడిగేవారు, ‘రాజు పక్కన ఇంకొక వినేవాడు ఉండింటే?’ మేము బిక్కమొహం వేసుకుని చూసేవాళ్లం. సభలో జనం ఉన్నారు గానీ, రాజుతో సమానంగా కూర్చుని ‘నువ్వెక్కడ ఆగితివి’ అని అడిగేవాడు లేడని ఆయన భావం. రాజు ఆనందం ఎటూ పోవడానికి దారి లేక ఆశ అయింది. ఇది చరిత్ర కాదు, అయ్యవారి ఊహ. నాకు మాత్రం అది నిజమనిపిస్తుంది.

ఈ కథకు రెండో సగం ఉంది. అన్నమయ్య 32 వేల కీర్తనలు చెప్పాడని ప్రతీతి. తిరుమల సంకీర్తన భాండాగారం రాగిరేకుల్లో 12 వేల పైచిలుకు మిగిలాయి. ప్రతి కీర్తన మీదా రాగం పేరు చెక్కి ఉంది. స్వరం లేదు. నాలుగు వందల ఏళ్లు ఆ మాటలు రాగిలో భద్రంగా ఉన్నాయి. పాట మాత్రం పోయింది. రాగిరేకుకు చెవి లేదు. త్యాగరాజుకు శిష్యులు, శిష్యులకు శిష్యులు, వాళ్ల చుట్టూ వినేవాళ్లు ఉన్నారు. ‘మా గురువుగారు ఆ చోట ఇట్లా తిప్పేవారు’ అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అన్నమయ్య పాటకు ఆ గొలుసు ఎక్కడో తెగిపోయింది.

దాన్ని మళ్లీ ముడివేసిన మొదటివాళ్లలో మన ఉమ్మడి జిల్లావాడు ఉన్నాడు. కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ. మైసూరు మహారాజా కళాశాలలో మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పారు, బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చుకున్నారు, వేమన మీద 1928లో ఇచ్చిన ఉపన్యాసాలతో తెలుగు విమర్శకు దారి చూపారు. తర్వాత తిరుపతి వచ్చి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టారు. 1974లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడి గౌరవం అందుకున్న రోజే కన్నుమూశారు. ఆ వారం ముగ్గురి కార్డుల్లోనూ ‘ఆగిన చోటు’ దగ్గర ఏమీ లేదు. ఖాళీగా వదిలారు. రాళ్లపల్లి వారిని వాళ్లు అంతగా ప్రేమించడానికి కారణం నాకు తర్వాత తెలిసింది. ఆయన సాహిత్యం చదివినట్టు సంగీతం విన్నారు, సంగీతం విన్నట్టు పద్యం చదివారు. మన పుట్టపర్తి నారాయణాచార్యులు మాత్రం తక్కువా? పెనుకొండ వీధుల్లో పెరిగి, బాల్యంలోనే ‘పెనుగొండలక్ష్మి’ రాసినవాడు. ఆయన ‘శివతాండవం’ చదువుకునే కావ్యం కాదు, పక్కన ఇంకొకరితో కలిసి వినవలసినది.

రాళ్లపల్లి వారు పోయిన కొద్దికాలానికే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల వచ్చింది. నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కట్టిన వరుసలతో అన్నమయ్య ప్రతి ఇంటి రేడియోలోకి వచ్చాడు. అయ్యవారి ఇంట్లో నాకు మరచిపోలేని మాట ఒకటి అప్పుడే వినబడింది. అన్నది అయ్యవారు కాదు, పెద్దమ్మ, ఆయన భార్య. మేమంతా అరుగు మీద, ఆమె లోపల పొయ్యి దగ్గర. చేతిలో పని ఆపకుండా, ‘ఆయమ్మ ముందటి మాదిరి పైకి ఎగరడం లేదు, ఇప్పుడు కిందనే కూర్చుని చెప్తాంది. ఇదే బాగుంది’ అన్నది. వయసు గొంతులోకి ఎట్లా వస్తుందో, వచ్చి ఏమి ఇస్తుందో అంత సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు. అయ్యవారు ఆ మాట కార్డులో రాసి, కింద ‘లోపలి మాట’ అని పెట్టారు. నోటుపుస్తకంలో అట్లాంటి లోపలి మాటలు నేను లెక్కపెట్టాను, నూట పన్నెండు ఉన్నాయి. ఆ ఇంట్లో అందరికన్నా గట్టి చెవి ఆమెది. ఆమె చేతికి ఒక్క కార్డు ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. ఇది నాకు తీరని బాధ. ఈ సభ ఆయన పేరుతో ఎంత జరుగుతోందో ఆమె పేరుతో అంతే జరగాలని నా కోరిక.

లేపాక్షికి ముగ్గురూ కలిసి పోయింది ఒక్కసారే, నన్నూ తీసుకుపోయారు. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటే వీళ్లు నాట్యమండపంలోనే ఉండిపోయారు. రంభ ఆడుతోంది, బ్రహ్మ మద్దెల, తుంబురుడు వీణ, మూడు కాళ్ల భృంగి నట్టువాంగం. విజయనగర కాలంలోనే రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ రాశాడు, అందులో అచ్యుతరాజేంద్రమేళ వీణ అని ఒక వీణకు అచ్యుతరాయల పేరే ఉంది. గుడి కట్టించిన విరూపణ్ణ ఆ అచ్యుతరాయల కాలంవాడే. అయ్యవారు ఈ సంగతులు చెప్తుంటే హిందూపురం స్తంభాలన్నీ చుట్టివచ్చి, ‘అందరూ వాయించేవాళ్లే. వినేవాడికి చోటు మనకు వదిలినట్టుండారు’ అన్నాడు. ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. ఏం విన్నారో నేను అడగలేదు. ఆ వారం కార్డుల్లో చూద్దామనుకున్నాను. ముగ్గురూ లేపాక్షి గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పటి మాటకు వస్తాను. సంగీతం దొరకడానికి ఇంత మంచి కాలం ఎప్పుడూ లేదు. అయ్యవారు ఒక ఆలాపన కోసం ఆరు నెలలు కాచుకునేవారు, ఇప్పుడది జేబులో ఉంది. నాకు దీని మీద ఫిర్యాదు లేదు. పాటను పంపడం, విన్నది పంచుకోవడం వేర్వేరు పనులని మాత్రం చెప్తాను. రోజుకు ఇరవై పాటలు పంపేవాళ్లు నాకు తెలుసు. ఒక్కదాంట్లోనూ వాళ్లు ఎక్కడ ఆగారో ఉండదు. పూర్తిగా విన్నారో లేదో కూడా తెలియదు. అట్లాంటప్పుడు నేను ఎవరి చెవితో మాట్లాడాలి?

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు మన ఊరి పక్క కియా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తాడు. తెల్లవారి బస్సులో ఇంటికొస్తూ విని, నాకు గొంతుతో నాలుగు మాటలు పంపుతాడు. ‘టీచరమ్మా, పన్నెండో నిమిషంలో వయొలిన్ ఆయప్ప పాట కన్నా ముందే ఆడికి పోయి కూర్చున్నాడు’ అని. నేను పన్నెండో నిమిషం తీస్తాను. అతను ఆగిన చోట నేను ఆగను ఒక్కోసారి. అప్పుడు ఫోను చేసి పోట్లాడుకుంటాం. ధర్మవరంలో చీరల కొట్లో పనిచేసే అమ్మాయి మూడో మనిషి. కొట్టు తెరవక ముందు పావుగంట ఆమెది. కాబట్టి కార్డులు పోయినా మూడు ఊళ్లలో రెండు ఇంకా ఉన్నాయి. హిందూపురం సంతకం ఖాళీగా ఉంది.

నిన్న రాత్రి నేను విన్నది చెప్పి ఆపేస్తాను. పాత రికార్డింగు, నాయకిలో ఆలాపన. ఇంటి వెనుక కిటికీ దగ్గర, ఫోనులో, మాత్ర వేసుకునే ముందు. రిషభం దగ్గర కాసేపు తారాడి గాంధారం పట్టుకున్నాడు. ఊపాడు. నేను అలవాటుగా రెండో దెబ్బ పడదని నిశ్చింతగా ఉన్నాను. దిగేటప్పుడు అక్కడ ఏదో సన్నగా తగిలింది. రెండోసారి పెట్టి విన్నాను, ఉంది. మూడోసారి లేదు. నాకు పడినట్టే వినబడింది, అట్లాగే నోటుపుస్తకంలో రాశాను. రికార్డింగు నా దగ్గర ఉంది. హిందూపురం నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, ఆ చోటు ఒక్కసారి విని చెప్పండి.